వాచీ నడక రోజుకో తీరుగా ఎందుకు మారుతుంది? రెగ్యులేటర్‌ను కదపవచ్చా?

ప్రశ్న

మెకానికల్ వాచీల మీద మక్కువ ఉన్న మిత్రులందరికీ నమస్కారం. నా దగ్గర గంటకు 21,600 బీట్లతో (టిక్ శబ్దాలతో) నడిచే, చేయి కదిలితే తానే కీ ఎక్కే ఆటోమేటిక్ వాచీ ఒకటి, 18,000 బీట్లతో నడిచే పాత కీ వాచీ ఒకటి ఉన్నాయి. ప్రతి ఉదయం ఒకే వేళకు రెంటినీ ఫోన్‌లోని సమయంతో సరిచూసి, ఎన్ని సెకన్లు ముందుకు పోయాయో, ఎన్ని సెకన్లు వెనకబడ్డాయో ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఆ లెక్కలను వరసగా చదువుతుంటే వాటిలో ఏదో క్రమం ఉన్నట్టు తోస్తోంది కానీ, దాని వెనక ఉన్న కారణం నాకు పూర్తిగా అందడం లేదు.

ఆటోమేటిక్ వాచీ నేను రోజంతా బల్ల ముందు కూర్చుని పనిచేసిన రోజున 6, 7 సెకన్లు ముందుకు పోతుంది. బాగా నడిచి తిరిగిన రోజున ఒక సెకనుకు మించి తేడా కనిపించదు. వరసగా కొన్ని రోజులు బల్ల దగ్గరే గడిచిపోతే, ముందుకు పోయే ఆ సెకన్లు కూడా రోజురోజుకీ తగ్గుతూ వస్తాయి. రాత్రిపూట దాన్ని డయల్ పైకి ఉండేలా పడుకోబెడతాను. ఈమధ్య టైమ్‌గ్రాఫర్ అనే, వాచీ చప్పుడు విని దాని నడకను కొలిచే పరికరం కొని, వాచీకి పూర్తిగా కీ ఇచ్చి చూశాను. డయల్ పైకి ఉన్నప్పుడు రోజుకు +7 సెకన్లు, ఆంప్లిట్యూడ్ (లోపలి చక్రం ఒక వైపుకు ఊగే కోణం) 278 డిగ్రీలు. క్రౌన్ (కీ ఇచ్చే పక్క మర) కిందికి ఉండేలా నిలబెట్టినప్పుడు −6 సెకన్లు, 241 డిగ్రీలు చూపించింది. బీట్ ఎర్రర్ (టిక్‌కూ టాక్‌కూ పట్టే కాలంలో తేడా) 0.4 మిల్లీసెకన్లు ఉంది.

కీ వాచీ సంగతి వేరు. ఎంతో కాలంగా రోజుకు పది సెకన్ల లోపు తేడాతో నమ్మకంగా నడిచిన వాచీ, ఉన్నట్టుండి రోజుకు మూడు నిమిషాలకు పైగా ముందుకు పరుగెడుతోంది. అది కింద పడలేదు, తడవలేదు.

ఆటోమేటిక్ వాచీలో కనిపిస్తున్న ఈ మార్పులకు కారణం యంత్రమా, లేక నేను దాన్ని వాడే తీరా? వెనక మూత తీసి, నడక వేగాన్ని సర్దే చిన్న చేయి అయిన రెగ్యులేటర్‌ను కొద్దిగా మైనస్ వైపు జరిపితే సరిపోతుందా? కీ వాచీకి ఏమై ఉంటుంది? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.

సమాధానం 1

మీరు అడిగిన తేడా ఎంత చిన్నదో మొదట చూద్దాం. రోజుకు 86,400 సెకన్లు. అందులో 7 సెకన్ల తేడా అంటే పదివేలలో ఒక వంతు కూడా కాదు. బ్యాటరీ లేకుండా, సెకనుకు ఆరు బీట్ల చొప్పున రోజుకు 5,18,400 బీట్లు కొడుతూ, చేతితో పాటు నానా దిక్కులకూ ఊగే ఒక చిన్న చక్రం ఆ మాత్రం కచ్చితత్వాన్ని నిలుపుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. అయితే అంత చిన్న తేడాను కూడా మీరు క్రమం తప్పకుండా రాసి పెట్టుకున్నారు కాబట్టే దాని కారణాన్ని పట్టుకోవడం సాధ్యమవుతోంది.

వాచీ వేగాన్ని నిర్ణయించేవి రెండే: అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రపు జడత్వం, దానికి బిగించిన సన్నని స్ప్రింగ్ అయిన హెయిర్‌స్ప్రింగ్ బిగువు. 1675లో క్రిస్టియాన్ హైగెన్స్ ఈ చుట్టల స్ప్రింగును గడియారంలో అమర్చినప్పటి నుంచి సూత్రం మారలేదు. ఆ సూత్రం ప్రకారం చక్రం ఎక్కువ కోణం తిరిగినా, తక్కువ కోణం తిరిగినా ఒక డోలనానికి పట్టే కాలం ఒకటే. వాచీల నడక గురించి మనం మాట్లాడుకునే సమస్యలలో చాలా భాగం ఆచరణలో ఈ సమానత్వం ఎక్కడెక్కడ చెడుతుందో చెప్పేవే.

మీ వాచీలో అది స్థానం మారినప్పుడు చెడుతోంది. డయల్ పైకి ఉన్నప్పుడు బ్యాలెన్స్ చక్రం మొత్తం ఇరుసు మొన మీద, అంటే సూది మొన లాంటి ఒకే బిందువు మీద నిలబడి తిరుగుతుంది కనుక ఒరిపిడి చాలా తక్కువ. వాచీని నిలబెట్టినప్పుడు ఇరుసు అడ్డంగా పడుకుని, దాని రెండు మొనల పక్క భాగాలూ ఇరుసును పట్టి ఉంచే జ్యువెల్ (గట్టి రాయి) రంధ్రాల గోడలకు ఒరుసుకుంటాయి. ఒరిపిడి పెరిగి ఆంప్లిట్యూడ్ తగ్గుతుంది. నిలువు స్థానాలలో 20 నుంచి 40 డిగ్రీలు తగ్గడం మామూలే కాబట్టి మీ 278, 241 అంకెలను చూసి కంగారు పడవలసింది లేదు.

నిలువు స్థానంలో మరొక శక్తి కూడా పనిచేస్తుంది. బ్యాలెన్స్ చక్రపు గురుత్వ కేంద్రం ఇరుసు మీద సరిగ్గా లేకపోతే, ఒక పక్క ఉన్న ఆ కొద్దిపాటి బరువు నిలువుగా ఉన్నప్పుడు చక్రాన్ని ఒక దిక్కుకు లాగుతుంది. పడుకోబెడితే దాని ప్రభావం కనిపించదు. ఇందులో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే విషయం ఒకటుంది. ఆ బరువు అడుగున ఉన్నప్పుడు, ఆంప్లిట్యూడ్ సుమారు 220 డిగ్రీలకు పైన ఉంటే వాచీ వెనకబడుతుంది, 220కి లోపల ఉంటే ముందుకు పోతుంది, సరిగ్గా 220 దగ్గర ఆ దోషపు ప్రభావమే కనిపించదు. అందుకే తూకం దోషాన్ని వెతికేవారు పూర్తిగా కీ ఇచ్చిన వాచీని కాకుండా, ఆంప్లిట్యూడ్ బాగా తగ్గిన వాచీని అన్ని నిలువు స్థానాలలోనూ కొలుస్తారు.

ఇక మీ దినచర్యకు వద్దాం. ఎడమ చేతికి కట్టిన వాచీలో క్రౌన్ వేళ్ళ వైపు ఉంటుంది. నడిచేటప్పుడు చేయి కిందికి వేలాడుతుంది కాబట్టి క్రౌన్ నేలను చూస్తుంది, అంటే వాచీ −6 చూపించిన స్థానంలో ఎక్కువసేపు గడుపుతుంది. బల్ల మీద చేతులు ఆనించి పనిచేసేటప్పుడు డయల్ చాలావరకు పైకే ఉంటుంది, అది +7 స్థానం. రాత్రి కూడా మీరు డయల్ పైకే పెడుతున్నారు. కనుక మీ పుస్తకంలో ఉన్న తేడాలు యంత్రం అస్థిరంగా ఉన్నందువల్ల వచ్చినవి కావు. ఏ స్థానంలో ఎన్ని గంటలు గడిచాయో అవి చెబుతున్నాయి.

దీనికి మూత తీయనక్కర లేని ఉపాయం ఉంది. బల్ల దగ్గర గడిచిన రోజున రాత్రి వాచీని క్రౌన్ కిందికి ఉండేలా నిలబెట్టండి. +7కూ −6కూ మధ్య 13 సెకన్ల తేడా ఉంది కాబట్టి, ఎనిమిది గంటల రాత్రిలో నాలుగు సెకన్లకు పైగా సర్దుబాటు అవుతుంది. బాగా తిరిగిన రోజున ఎప్పటిలాగే పడుకోబెట్టండి.

సమాధానం 2

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూనే, మీ ప్రశ్నలో ఆయన ముట్టుకోని ఒక వాక్యాన్ని అందుకుంటాను. వరసగా బల్ల దగ్గర గడిచిన రోజులలో ముందుకు పోయే సెకన్లు తగ్గుతూ వస్తున్నాయని రాశారు. స్థానం ఒక్కటే కారణమైతే ఆ సెకన్లు తగ్గకూడదు, ఎందుకంటే స్థానం రోజూ ఒకటే. తగ్గుతున్నది వాచీని నడిపించే పెద్ద స్ప్రింగులో, అంటే మెయిన్‌స్ప్రింగులో నిలవ ఉన్న బిగువు అని నా అనుమానం.

ఆటోమేటిక్ వాచీ వెనక తిరిగే బరువు చేయి కదిలినప్పుడే కీ ఇస్తుంది. కంప్యూటర్ మీద వేళ్ళు ఆడినంత మాత్రాన మణికట్టు తిరిగినట్టు కాదు. రోజుకు ఖర్చయ్యేంత కీ అందకపోతే, వాచీ ఆగకపోయినా, మెయిన్‌స్ప్రింగ్ రోజురోజుకీ కొంచెం కొంచెం వదులవుతూ పోతుంది. చక్రాల వరసకు అందే బలం తగ్గుతుంది, దానితో ఆంప్లిట్యూడ్ తగ్గుతుంది.

ఆంప్లిట్యూడ్ తగ్గితే డోలన కాలం మారకూడదన్నది సిద్ధాంతం. వాస్తవంలో ఎస్కేప్‌మెంట్, అంటే చక్రాల బలాన్ని బీటు బీటుకూ బ్యాలెన్స్ చక్రానికి అందించే ఏర్పాటు, ఊరుకోదు. ప్రతి బీటుకూ బ్యాలెన్స్ చక్రం తన శక్తిలో కొంత ఖర్చు పెట్టి ప్యాలెట్ ఫోర్కును (చక్రాల వరసను ఆపి వదిలే చిన్న మీటను) తాళం నుంచి విడిపించాలి, ఆ వెంటనే ఫోర్కు నుంచి ఒక తోపును అందుకోవాలి. విడిపించే పని చక్రం తన ఊపుకు నడిమి స్థానమైన మధ్య గీతకు చేరక ముందు జరుగుతుంది. తోపులో ఎక్కువ భాగం గీత దాటిన తర్వాత అందుతుంది. ఈ రెండూ డోలనాన్ని కొద్దిగా ఆలస్యం చేసేవే. చక్రం జోరుగా తిరుగుతున్నప్పుడు ఆ జోక్యం డోలనంలో చిన్న భాగం మాత్రమే. నీరసంగా తిరుగుతున్నప్పుడు పెద్ద భాగమవుతుంది. అందుకే ఇలాంటి మీట (లివర్) ఎస్కేప్‌మెంట్ ఉన్న వాచీలు సాధారణంగా ఆంప్లిట్యూడ్ తగ్గేకొద్దీ వెనకబడతాయి.

రెగ్యులేటర్ ఉన్న వాచీలలో దీనికి ఇంకో కారణం కూడా తోడవుతుంది. హెయిర్‌స్ప్రింగ్ బయటి చుట్ట రెగ్యులేటర్‌కు ఉన్న రెండు చిన్న పిన్నుల మధ్య నుంచి వెళ్తుంది. ఆ పిన్నుల మధ్య సందు ఎక్కువగా ఉంటే, పెద్ద డోలనంలో స్ప్రింగ్ అటూ ఇటూ పిన్నులను తాకుతూ పొట్టి స్ప్రింగులా ప్రవర్తిస్తుంది. చిన్న డోలనంలో పిన్నులను తాకని సమయం ఎక్కువై పొడుగు స్ప్రింగులా ప్రవర్తిస్తుంది. పొడుగు స్ప్రింగ్ అంటే నెమ్మది నడక.

కాబట్టి మీ వాచీ మీద రెండు ప్రభావాలు ఎదురెదురుగా పనిచేస్తున్నాయి. బల్ల దగ్గర స్థానం దాన్ని ముందుకు తోస్తోంది, కీ తగ్గడం వెనక్కి లాగుతోంది. మొదటి రోజు స్థానానిది పైచేయి, నాలుగో రోజుకు కీ తరుగుదల దాన్ని అందుకుంటుంది. ఈ రెండింటినీ విడదీయడానికి ఒక పరీక్ష చేయండి. క్రౌన్‌తో పూర్తిగా కీ ఇచ్చి, కాసేపు నడవనిచ్చి డయల్ పైకి, డయల్ కిందికి, క్రౌన్ కిందికి, క్రౌన్ పైకి, క్రౌన్ ఎడమకు కొలవండి. తర్వాత వాచీని కదపకుండా సరిగ్గా 24 గంటలు ఉంచి అవే స్థానాలను మళ్ళీ కొలవండి. ఈ రెండో వరస అంకెలే అసలైనవి. పూర్తిగా కీ ఇచ్చిన వెంటనే చూపించే అంకెలతో ఏ వాచీ అయినా అందంగానే కనిపిస్తుంది.

కొలిచేటప్పుడు టైమ్‌గ్రాఫర్‌లో లిఫ్ట్ యాంగిల్ (ఫోర్కును తాకి ఉన్నంతసేపు బ్యాలెన్స్ చక్రం తిరిగే కోణం) మీ యంత్రానికి తగినట్టు పెట్టారో లేదో చూసుకోండి. చాలా పరికరాలు 52 డిగ్రీలతో వస్తాయి. అది తప్పుగా ఉంటే రోజువారీ తేడా అంకె మారదు కానీ, ఆంప్లిట్యూడ్ అంకెను నమ్మడానికి వీలుండదు. స్థానం మార్చిన ప్రతిసారీ అర నిమిషం ఆగిన తర్వాతే అంకె రాసుకోవడం మంచిది.

కీ వాచీకి ఒక్క మాట. దానికి రోజూ ఒకే వేళకు, వీలైతే ఉదయం కీ ఇవ్వండి. చేతిమీద కుదుపులు, స్థానమార్పులు ఎక్కువగా ఉండే పగటిపూట స్ప్రింగ్ నిండుగా ఉంటుంది, తగ్గే సమయానికి వాచీ బల్ల మీద నిశ్చలంగా ఉంటుంది.

సమాధానం 3

నేను కీ వాచీ గురించి రాస్తాను, ఎందుకంటే దాని లక్షణం చాలా స్పష్టంగా ఉంది. మెల్లగా నెలల తరబడి మారుతూ వచ్చిన నడకకు నూనెలు ఎండడం వంటి కారణాలు వెతకాలి. ఒక్కసారిగా, అదీ నిమిషాల లెక్కలో, అదీ ముందుకు పరుగెత్తిన వాచీ విషయంలో మొదటి అనుమానం అయస్కాంతం మీదే పెట్టుకోవాలి.

హెయిర్‌స్ప్రింగ్ అయస్కాంతీకరణకు లోనైతే దాని చుట్టలు ఒకదానినొకటి ఆకర్షించుకుని అంటుకుంటాయి. అంటుకున్నంత మేర స్ప్రింగ్ పనిచేసే పొడవు తగ్గిపోతుంది, పొట్టి స్ప్రింగ్ బిగువుగా ఉంటుంది, వాచీ ముందుకు దూకుతుంది. ఇందుకు పెద్ద యంత్రం పక్కన నిలబడనక్కర లేదు. సంచి మూతకు కుట్టిన అయస్కాంతపు బొత్తాము, టాబ్లెట్ కవరు అంచు, స్పీకరు, ఫోన్‌ను అతికించుకునే ఛార్జర్, వీటిలో దేనికి ఆనించి ఒక రాత్రి ఉంచినా చాలు. అయస్కాంతపు బలం దూరంతో చాలా వేగంగా తగ్గిపోతుంది కాబట్టి ఒక జానెడు దూరం పాటిస్తే మామూలు వస్తువులతో భయం లేదు.

చిన్న దిక్సూచిని వాచీకి దగ్గరగా తెచ్చి మెల్లగా చుట్టూ తిప్పండి. ముల్లు స్పష్టంగా లాగినట్టు కదిలితే అయస్కాంతీకరణ జరిగినట్టే. డీమాగ్నెటైజర్ పరికరం సాయంతో క్షణాలలో తీసేయవచ్చు. అయితే పరికరం మీద ఉన్న మీటను నొక్కి పట్టుకుని ఉండగానే వాచీని నెమ్మదిగా చేయి చాచినంత దూరం తీసుకువెళ్ళి, ఆ తర్వాతే మీటను వదలాలి. దగ్గర ఉండగానే వదిలితే మళ్ళీ అయస్కాంతీకరణ జరిగే ప్రమాదం ఉంది. ఇది చేసినా వాచీ పరుగు ఆగకపోతే, స్ప్రింగ్ చుట్టల మీద నూనె పడి అంటుకుని ఉండవచ్చు, లేదా కుదుపు వల్ల ఒక చుట్ట పిన్నుకు చిక్కుకుని ఉండవచ్చు. ఆ రెండింటికీ మూత తీయక తప్పదు.

అయస్కాంతాన్ని నిరోధించగలదని చెప్పుకునే వాచీకి ఐఎస్ఓ 764 ప్రమాణం పెట్టిన పరీక్ష మీటరుకు 4,800 ఆంపియర్ల క్షేత్రం. గాలిలో అది దాదాపు 60 గాస్. ఇప్పుడు సిలికాన్ హెయిర్‌స్ప్రింగులు, ఇతర అయస్కాంతేతర భాగాలు వచ్చాక 15,000 గాస్‌కు తట్టుకునే యంత్రాలను స్విట్జర్లాండ్ ప్రభుత్వ తూనికల కొలతల సంస్థ మెటాస్ పరీక్షించి ధ్రువీకరిస్తోంది. మీ పాత వాచీకి ఆ కవచం లేదు కనుక జాగ్రత్తే దానికి రక్ష.

ఉష్ణోగ్రత గురించి ఎవరూ ప్రస్తావించలేదు. మామూలు ఉక్కు స్ప్రింగ్ వేడికి మెత్తబడుతుంది. దాన్ని సరిదిద్దే ఏర్పాటు లేకపోతే ఒక్క సెల్సియస్ డిగ్రీ పెరిగినందుకే రోజుకు దాదాపు 11 సెకన్లు వెనకబడుతుంది. పాతకాలపు మంచి వాచీలలో రెండు లోహాలను అతికించి, అంచు దగ్గర కోసిన బ్యాలెన్స్ చక్రాలు కనిపించేది ఇందుకే. షార్ల్ ఎడ్వార్డ్ గియోమ్ 1896లో ఇన్వార్ మిశ్రమలోహాన్ని, ఆ తర్వాత ఎలిన్వార్‌ను కనుగొని ఈ సమస్యకు లోహంలోనే పరిష్కారం చూపించారు. నికెల్ ఉక్కు మిశ్రమాలలోని అసాధారణ గుణాలను కనుగొని, కచ్చితమైన కొలతలకు చేసిన సేవకు ఆయనకు 1920లో భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. వాచీని ప్రేమించేవారంతా గుర్తుపెట్టుకోవలసిన పేరు అది. ఇప్పటి మంచి మిశ్రమలోహపు స్ప్రింగులతో డిగ్రీకి అర సెకను అటూ ఇటూ మాత్రమే తేడా వస్తుంది. పైగా చేతిమీద ఉన్నంతసేపూ ఒంటి వేడి వాచీని దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉంచుతుంది. కనుక మీ లెక్కలలో ఉష్ణోగ్రత పాత్ర చిన్నదే.

సమాధానం 4

నేను వాచీల మరమ్మతు పని చేస్తాను. రెగ్యులేటర్‌ను జరపవచ్చా అన్న ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

రెగ్యులేటర్ అన్ని స్థానాలనూ ఒకే దిక్కుకు, దాదాపు ఒకే కొలతలో జరుపుతుంది. మీ వాచీలో +7, −6 ఉన్నాయి. రెగ్యులేటర్‌ను మైనస్ వైపు ఏడు సెకన్లు జరిపితే డయల్ పైకి ఉన్నప్పుడు సున్నా అవుతుంది, క్రౌన్ కిందికి ఉన్నప్పుడు −13 అవుతుంది. మధ్యలో ఉన్న 13 సెకన్ల దూరం అలాగే ఉంటుంది. పైగా మీరు బాగా తిరిగే రోజున ఇప్పుడు చక్కగా సమయం చూపిస్తున్న వాచీ ఇక వెనకబడటం మొదలుపెడుతుంది. స్థానాల మధ్య దూరాన్ని తగ్గించాలంటే బ్యాలెన్స్ తూకం, హెయిర్‌స్ప్రింగ్ కేంద్రీకరణ, పిన్నుల సందు చూడాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

రోజువారీ సగటు అంకె మీద అందరికీ ఉన్నంత ఆరాటం నాకు లేదు. స్విస్ క్రోనోమీటర్ పరీక్షా సంస్థ కోస్క్, ఐఎస్ఓ 3159 ప్రమాణం ప్రకారం ఒక్కో యంత్రాన్ని 15 రోజుల పాటు ఐదు స్థానాలలో, 8, 23, 38 డిగ్రీల ఉష్ణోగ్రతలలో పరీక్షిస్తుంది. అందరికీ తెలిసిన −4 నుంచి +6 సెకన్ల హద్దు అక్కడ ఉన్న ఏడు కొలమానాలలో ఒకటి మాత్రమే. మిగిలినవన్నీ నిలకడను కొలిచేవే: ఒకే స్థానంలో నడక రోజురోజుకీ ఎంత మారుతోంది, పడుకున్నదానికీ నిలబడ్డదానికీ తేడా ఎంత, డిగ్రీకి ఎంత మారుతోంది, మొదటి రోజుల నడకకు చివరికి తిరిగి వస్తోందా లేదా అన్నవి. రోజూ తప్పకుండా +8 నడిచే వాచీని నేను అర నిమిషంలో సరిచేసి ఇవ్వగలను. ఒకరోజు +10, ఒకరోజు −10 నడిచి సగటు సున్నా అనిపించుకునే వాచీకి మాత్రం రోజుల తరబడి పని ఉంటుంది.

మూత తీయాలని ఇంకా అనిపిస్తే, రెగ్యులేటర్ చేయి పక్కనే హెయిర్‌స్ప్రింగ్ చివరను పట్టుకునే మరో చేయి ఉంటుందని గమనించండి. దాన్ని కదిపితే మారేది ముఖ్యంగా బీట్ ఎర్రర్. మీకు 0.4 ఉంది, అది చక్కటి అంకె, దాని జోలికి పోవద్దు. రెగ్యులేటర్ వెంట్రుకవాసి జరిగినా పదుల సెకన్లు మారిపోతాయి. స్క్రూడ్రైవర్ జారి హెయిర్‌స్ప్రింగ్‌ను తాకితే అది వంకర పోతుంది, దాన్ని మళ్ళీ చదునుగా తీర్చడం మా పనిలో కెల్లా ఓపిక పరీక్షించే పని. మూత తీస్తే నీరు చొరకుండా ఆపే రబ్బరు రింగును పరిశీలించి, నీటి ఒత్తిడి పరీక్ష చేయించుకోవడం కూడా అవసరమవుతుంది.

మీ వాచీ చివరిసారి ఎప్పుడు సర్వీసింగుకు వెళ్ళింది? ఆ సంగతి, 24 గంటల తర్వాతి అంకెలు తెలిస్తే ఇంకా కచ్చితంగా చెప్పగలను.

ప్రశ్న అడిగినవారి జవాబు

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. రెండు వాచీల మీదా మీరు చెప్పిన పరీక్షలు చేశాను.

కీ వాచీ పక్కన దిక్సూచి ముల్లు గిర్రున తిరిగింది. డీమాగ్నెటైజర్‌తో చెప్పిన విధంగా అయస్కాంతీకరణ తీసివేసిన తర్వాత ఆ వాచీ తన పాత నడకకు వచ్చింది. రాత్రిపూట దాన్ని ఉంచే చోటికి పక్కనే, ఫోన్‌ను అతికించుకునే ఛార్జర్ ఉంది. దాన్ని వేరే గదికి మార్చాను.

ఆటోమేటిక్ వాచీ అంకెలు ఇవి. పూర్తిగా కీ ఇచ్చినప్పుడు డయల్ పైకి +7, 278 డిగ్రీలు. డయల్ కిందికి +5, 274 డిగ్రీలు. క్రౌన్ కిందికి −6, 241 డిగ్రీలు. క్రౌన్ పైకి −3, 243 డిగ్రీలు. క్రౌన్ ఎడమకు −4, 240 డిగ్రీలు. కదపకుండా 24 గంటలు ఉంచాక డయల్ పైకి +2, 243 డిగ్రీలు. డయల్ కిందికి −1, 239 డిగ్రీలు. క్రౌన్ కిందికి −17, 202 డిగ్రీలు. క్రౌన్ పైకి −14, 205 డిగ్రీలు. క్రౌన్ ఎడమకు −15, 200 డిగ్రీలు. లిఫ్ట్ యాంగిల్ సరిచూసే కొలిచాను. కొని ఏడేళ్ళు దాటింది, ఇంతవరకు సర్వీసింగ్ చేయించలేదు.

క్రౌన్ కిందికి పెట్టే ఉపాయం బల్ల దగ్గర గడిచిన మొదటి రోజుకు బాగా పనిచేస్తోంది. మూడో రోజుకు అదే ఉపాయం వల్ల వాచీ వెనకబడుతోంది. ఇది కీ తగ్గడం వల్లనేనా?

సమాధానం 4 రాసినవారి నుంచి

అవును, కీ తగ్గడం వల్లనే. మీ అంకెలలో ముఖ్యమైన విషయం మరొకటి కూడా ఉంది. మూడు నిలువు స్థానాలూ ఒకదానికొకటి మూడు సెకన్ల లోపలే ఉన్నాయి, ఆంప్లిట్యూడ్ తగ్గినప్పుడు కూడా ఆ దగ్గరితనం చెడలేదు. తూకం దోషం ఉంటే నిలువు స్థానాలు ఒకదాని నుంచి ఒకటి విడిపోయేవి. కనుక బ్యాలెన్స్ చక్రం తూకం బాగానే ఉంది, దాన్ని ముట్టుకోనక్కర లేదు. చెడింది బలం అందే దారి. పూర్తి కీతో 278 ఉన్న వాచీ ఒక రోజు విశ్రాంతికి 35 డిగ్రీలు పోగొట్టుకోవడం, నిలువులో 200 దగ్గరికి దిగిపోవడం ఏడేళ్ళ నూనెతో నడుస్తున్న వాచీలో నేను తరచుగా చూసే సంగతే.

వాచీలో నూనె ఒకే రకం కాదు. మెల్లగా, ఎక్కువ ఒత్తిడితో తిరిగే బ్యారెల్ (మెయిన్‌స్ప్రింగ్ ఉండే డబ్బా) వైపు చక్రాలకు చిక్కటి నూనె, వేగంగా తిరిగే బ్యాలెన్స్ మొనలకు పలచటి నూనె, ప్యాలెట్ ఫోర్కుకు ఉండే రాళ్ళ ముఖాలకు ప్రత్యేకంగా చేసిన నూనె సూక్ష్మమైన చుక్కలుగా పెడతాము. ప్యాలెట్ ఫోర్కు ఇరుసుకు మాత్రం సాధారణంగా నూనె పెట్టము. ఆటోమేటిక్ వాచీలో బ్యారెల్ లోపలి గోడకు రాసే గ్రీజు మరీ ముఖ్యం. మెయిన్‌స్ప్రింగ్ చివర ఆ గోడను పట్టుకుని ఉండి, నిండిన తర్వాత మాత్రమే జారాలి. ఆ గ్రీజు చెడి స్ప్రింగ్ ముందుగానే జారితే, చేయి ఎంత కదిపినా వాచీకి పూర్తి కీ ఎక్కదు. బల్ల దగ్గర గడిచిన రోజుల తర్వాత మీ వాచీ అంత త్వరగా నీరసించడంలో దీని పాత్ర ఉందో లేదో తెలుసుకోవడానికి, మళ్ళీ పూర్తిగా కీ ఇచ్చి, ఎన్ని గంటలకు ఆగుతుందో చూడండి. తయారీదారు చెప్పిన నిలవ గంటల కంటే చాలా ముందే ఆగితే, వాచీని ఇచ్చేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పండి.

నా సలహా ఇది. సర్వీసింగుకు ముందు రెగ్యులేటర్‌ను కదపవద్దు. ఇప్పటి నీరసమైన ఆంప్లిట్యూడ్‌కు సరిపోయేలా నడకను సర్దితే, శుభ్రం చేసి నూనెలు పెట్టి కొత్త మెయిన్‌స్ప్రింగ్ వేశాక ఆంప్లిట్యూడ్ పెరిగి అంకెలన్నీ మళ్ళీ మారిపోతాయి. పని చేసేవారికి మీ పుస్తకం, ఈ రెండు వరసల అంకెలు చూపించండి. మీరు బల్ల దగ్గర ఎక్కువసేపు గడుపుతారని చెబితే, వాచీ సగటును మీ చేతికి తగినట్టు సర్ది ఇస్తారు. తిరిగి తీసుకునేటప్పుడు పూర్తి కీతోనూ, 24 గంటల తర్వాతా కొలిచిన అంకెలను అడిగి తీసుకోండి. అప్పటివరకు బల్ల దగ్గర గడిచే రోజులలో ఉదయం క్రౌన్‌తో ఇరవై చుట్లు కీ ఇస్తే, క్రౌన్ కిందికి పెట్టే ఉపాయం మూడో రోజున కూడా పనిచేస్తుంది.